మిగిలిన స్క్రూ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ
గ్యాస్ గీజరు విప్పి చూడు అని
ఎవరూ అనలేదు.
అందుకే విప్పాను.

డిసెంబరు. హొరమావు. పొద్దున్న ఐదున్నర.
కుళాయి తిప్పితే టక్ టక్ టక్‌మని
పళ్లు కొట్టుకుంటోంది గీజరు,
నాకంటే దానికే చలి ఎక్కువైనట్టు.
నిప్పు మాత్రం పుట్టదు.

అడుగున రెండు లావుపాటి సెల్లులుంటాయి.
మార్చాను. వెలిగింది. రెండు నిమిషాలకి ఆరిపోయింది.
అక్కడితో ఆగి ఉంటే
చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు.

విరూపాక్ష తువ్వాలు భుజాన వేసుకుని
"ఎవరైనా మనిషిని పిలుద్దాం" అన్నాడు.
"నేను మనిషిని కానా?" అన్నాను.

మిక్సీ జారు కింది రబ్బరు, ఇస్త్రీపెట్టె తీగ,
వంటింటి కుళాయి వాషరు నా చేతుల్లోనే బాగుపడ్డాయి.
ఈ రెండు గదుల అప్పు ఇరవై ఏళ్లు
నా జీతంలోంచే కోత.
నా గోడకున్న నా పెట్టె స్క్రూలు
నేను తిప్పకూడదా?
స్టూలెక్కాను.

మూత తీస్తే లోపల రాగి మడతలు, మసి,
మసి నడుమ ఒక సాలీడు కాపురం.
పాత టూత్‌బ్రష్‌తో ఊడ్చి
వేడినీళ్ల మీద హక్కు నాదేనని దానికి చెప్పి
మూత బిగించాను.
అరచేతిలో ఒక స్క్రూ మిగిలింది.

మిగిలితే మిగిలింది. వెలిగింది కదా!
చిన్న కిటికీలోంచి చూస్తే
బంతిపూల వరసలా పసుపుపచ్చని మంట.
మునుపటి నీలం కంటే ఇదే బాగుందనుకున్నాను.
నిజంగా అనుకున్నాను.
ఆ మాట ఇప్పటికీ గొంతులో గుచ్చుకుంటుంది.

సంహిత స్నానం చేసి వచ్చి
గుమ్మం దగ్గరే కూలబడింది.
"తల బరువుగా ఉందమ్మా, బడికి పోను."
లెక్కల పరీక్ష భయం అనుకున్నాను.
గ్లాసుడు పాలిచ్చి పంపేశాను.
మర్నాడూ అదే మాట.
మర్నాడు పరీక్ష లేదు.

మునివెంకటప్ప వచ్చాడు, ముళబాగిలు మనిషి.
కన్నడం అంచు కుట్టిన తెలుగు.
వచ్చీ రాగానే పెట్టెను ముట్టలేదు,
మేం చలికి మూసిన కిటికీ తెరిచాడు.
"ఏమక్కా, మీరే బిచ్చినారా?"
తల ఊపాను.
"నిప్పు నీలంగా ఉంటే నీళ్లు కాగుతాయి.
పసుపుగా ఉంటే మనం పీల్చే గాలిని తింటాది.
దానికి వాసన ఉండదు. చెప్పి రాదు."

కొరివితో తల గోక్కోవడం అంటారే,
నేను గోక్కున్నది
నా తల కూడా కాదు.

దాచిన స్క్రూ తీసి చూపించాను, నేరం ఒప్పుకున్నట్టు.
వెలుగుకెత్తి చూశాడు, నవ్వాడు.
"ఇది దీంది కాదక్కా. మీ స్టూలు ఊగతా ఉంది చూడండి."
తప్పంతా టూత్‌బ్రష్‌ది.
సాలెగూటిని ఊడ్చాననుకున్నాను,
మంట గొంతులోకి కుక్కాను.
రెండు రాత్రులు స్క్రూని చూసి భయపడ్డాను.
భయపడాల్సినదాన్ని బంతిపువ్వన్నాను.

నాలుగు వందల యాభై తీసుకుని, పెట్టెను పీకి
బాల్కనీ గోడకి తగిలించాడు.
ఇప్పుడది వర్షపు జల్లుకి ఉలిక్కిపడుతూ
బయటే నీలంగా మండుతుంది.

స్టూలు నేనే బిగించుకున్నాను.
మొన్న ఫ్యాను కూడా, మెయిన్ ఆపి.
విరూపాక్ష ఏమీ అనలేదు,
నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

స్నానాలగది కిటికీ గడియ తుప్పు పట్టి
మూసుకోవడానికే సిద్ధంగా ఉండేది.
పీకేశాను, ఆ చెక్కరెక్కతో సహా.
"అమ్మా, చలి!" అని లోపల్నుంచి సంహిత అరుస్తుంది.
అరవనీ.
ఆ కేక రోజూ వినబడాలి నాకు.
ఆ రిపేరుకి మాత్రం
ఎవర్నీ పిలవలేదు.